వెనక వాయించేవాళ్ళు

పోయిన జూలై నెలాఖరు ఆదివారం మా చిన్నమామ బెంగళూరు నుంచి రాత్రి రైలుకు వచ్చాడు. అమ్మ ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు చేసింది. మామకు అవంటే ప్రాణం. అయినా ఆ రోజు సగం తిని ప్లేటు పక్కన పెట్టేశాడు. జ్వరమేమో అని అమ్మ నుదురు పట్టుకొని చూసింది.

"ఏం లేదక్కా. మా పాటగాడు ఒకాయన పోయినాడు" అన్నాడు మామ.

ఎవరు మామా అని అడిగితే ఫోన్ తీసి చూపించాడు. నల్ల బట్టలు, పొడుగు జుట్టు, కళ్ళ చుట్టూ కాటుక, మెడలో పెద్ద శిలువ. పేరు ఆజీ ఆస్బోర్న్. ఇంగ్లండు మనిషి. 2025 జూలై 22న, 76 ఏళ్ళ వయసులో చనిపోయాడు. ఆయన బ్యాండు పేరు బ్లాక్ సబ్బాత్. హెవీ మెటల్ అనే సంగీతం వీళ్ళతోనే మొదలైందని చాలామంది అంటారట.

మా అవ్వ ఆ ఫోటో చూసి "ఈయప్ప దయ్యం మాదిరి ఉండాడే" అన్నది. నాకు నవ్వు ఆగలేదు. మామ కోప్పడలేదు. "నవ్వురా, నవ్వు. ఈయన ముందర నిలబడి పాడినాయన. వెనక వాయించినోళ్ళ సంగతి చెప్తాను, అప్పుడు నవ్వుదువు" అన్నాడు.

ఆ సంగతి రాసేముందు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

మా నాయన మా వీధి రామాలయం భజనలో హార్మోనియం వాయించేవాడు. శ్రావణ శనివారాలు, ధనుర్మాసం తెల్లవారుజామున భజన, శ్రీరామనవమి, వేటికీ నాయన లేకుండా జరిగేది కాదు. పగలు రేకులు కోసే వర్క్‌షాపులో పని, రాత్రి హార్మోనియం. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక రోజు మిషను కింద నాయన కుడిచెయ్యి పడింది. చూపుడు వేలు, నడిమి వేలు మొదటి గణుపు దాకా పోయాయి. రెండు నెలలకు గాయం మానింది. నాయన మళ్ళీ పనికి పోయాడు. కానీ హార్మోనియాన్ని పాత దుప్పటిలో చుట్టి అటక మీద పెట్టేశాడు. ఎవరైనా అడిగితే "నల్ల మెట్లు అందవప్పా" అనేవాడు. అంతే, ఇంకేమీ చెప్పేవాడు కాదు.

అందుకే మామ పాట పెట్టినప్పుడు నాయన బయట వరండాలో కూర్చొని పేపరు చూస్తున్నాడే తప్ప లోపలికి రాలేదు. మామ పెట్టింది 1971లో వచ్చిన వాళ్ళ మూడో ఆల్బం. పాట మొదలవుతూనే గిటారు మోత. సండూరు దారిలో ఖనిజం లారీలు వరసగా పోతే కిటికీలు ఎట్లా అదురుతాయో అట్లా ఉంది. అమ్మ చెవులు మూసుకుంది. వరండాలోంచి నాయన గొంతు వినిపించింది.

"ఆ తంతులు వదులు చేసినారు గదా?"

మామ పాట ఆపేశాడు. "బావా, నీకెట్ల తెలిసింది?"

"బిగి తంతి ఇట్ల మోగదు. శ్రుతి దించినారు. ఎందుకు దించినారో ఏమో."

"ఎందుకంటే" అని మామ కాసేపు ఆగి "ఆ వాయించేటాయనకు రెండు వేళ్ళ కొసలు లేవు బావా" అన్నాడు.

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. నాయన పేపరు మడిచి లోపలికి వచ్చి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. కుడిచెయ్యి ఎప్పటిలాగే లుంగీ మడతలో దాచుకున్నాడు. మామ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజు విన్నదీ, తరువాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను.

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అనే ఊరుంది. ఇనుము పనులకు, కార్ఖానాలకు పేరుపడ్డ ఊరు. అందులో ఆస్టన్ అనే పేట. ఆ పేటలోనే నలుగురు పిల్లలు పెరిగారు. టోనీ అయోమీ, గీజర్ బట్లర్, బిల్ వార్డ్, ఆజీ ఆస్బోర్న్. (గీజర్ అంటే మనం నీళ్ళు కాచుకునేది కాదు, ఆయన ముద్దుపేరు. అసలు పేరు టెరెన్స్.) నలుగురూ పనిచేసి బతికే ఇళ్ళ పిల్లలే. తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ పొగను, ఖనిజం దుమ్ముతో ఎర్రబడిన చెట్లను చూసి పెరిగిన మనకు ఆ పేట ఎట్లా ఉంటుందో కొంచెం అర్థమవుతుంది.

టోనీ రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అవును, రేకుల ఫ్యాక్టరీయే. ఇది విన్నప్పుడు అమ్మ నా వైపు చూసింది. టోనీకి 17 ఏళ్ళు. గిటారు వాయించే పని దొరికింది, వేరే దేశానికి కచేరీలకు పోవాలి. ఫ్యాక్టరీలో ఆ రోజే ఆఖరు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చి ఇంక పోనన్నాడు. వాళ్ళమ్మ మాత్రం, పట్టిన పని పూర్తిచేసి రావాలని తిరిగి పంపింది. రోజూ ప్రెస్ మిషను మీద పనిచేసే మనిషి ఆ రోజు రాలేదు. అలవాటు లేని ఆ మిషను మీద టోనీని నిలబెట్టారు. కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు కొసలు పోయాయి. ఆయన ఎడమచేతి వాటం మనిషి. అంటే తంతులు నొక్కేది ఆ కుడిచేతితోనే. ఇంక గిటారు మాట మరిచిపొమ్మని డాక్టర్లు చెప్పేశారు.

టోనీ ఇంట్లో కుమిలిపోతూ ఉంటే ఫ్యాక్టరీ మేనేజరు ఒక రికార్డు తీసుకొని వచ్చాడు. విను అన్నాడు. టోనీకి వినాలని లేదు. అయినా బలవంతంగా వినిపించి, బాగుందా అని అడిగాడు. బాగుంది అన్నాడు టోనీ. అప్పుడు చెప్పాడట, వాయించినాయన ఎడమచేతి రెండు వేళ్ళు నిప్పులో కాలి పనికిరాకుండా పోయాయని. ఆయన పేరు జాంగో రైన్‌హార్ట్, యూరప్‌లో పేరున్న జాజ్ గిటారిస్టు. మిగిలిన రెండు వేళ్ళతోనే స్వరాలన్నీ పరుగెత్తించేవాడు.

టోనీ లేచాడు. గిన్నెలు తోమే సబ్బునీళ్ళ ప్లాస్టిక్ సీసాను కరిగించి, ఉండ చేసి, వేడి సోల్డరింగ్ కడ్డీతో రంధ్రం చేసి, వేలికి టోపీలాగా తొడుక్కున్నాడు. తంతి మీద జారకుండా పాత జాకెట్టు తోలు ముక్కలు కోసి అంటించాడు. దళసరి తంతులు నొక్కితే నొప్పి. సన్న గిటారు తంతులు అప్పట్లో దొరకలేదు, బాంజో తంతులు తెచ్చి బిగించాడు. అదీ చాలకపోతే తరువాత శ్రుతినే కిందికి దించేశాడు. నాయన వరండాలోంచి పట్టుకున్న 1971 ఆల్బంలో కొన్ని పాటలకు గిటారు మామూలు శ్రుతికంటే మూడు అరస్వరాలు కిందుంది. తంతి వదులైతే వేలికి సుఖం. కానీ వదులైన తంతి మోత మారిపోయింది. లోతుగా, బరువుగా మోగింది. ఆ బరువు కోసమే తరువాత వచ్చిన ఎన్నో బ్యాండ్లు కావాలని శ్రుతి దించుకున్నాయి, పదివేళ్ళూ ఉన్నవాళ్ళు కూడా!

గీజర్ బట్లర్ సంగతి వేరు. లెక్కల పద్దులు రాసే పని నేర్చుకున్న మనిషి. అంతకుముందు మామూలు గిటారు వాయించేవాడు. ఈ బ్యాండులో బేస్ గిటారు పట్టేవాడు లేకపోతే తానే నేర్చుకొని పట్టాడు. పాటల్లో ఎక్కువ భాగం రాసింది కూడా ఆయనే. అంటే ఆజీ నోటి నుంచి వచ్చిన మాటలు చాలావరకు గీజర్‌వి. బిల్ వార్డ్ డ్రమ్ములు. జాజ్ డ్రమ్మర్లను వింటూ పెరిగినవాడు, అందుకే ఆ మోతలో కూడా తాళం ఊగుతూ ఉంటుంది.

ఆజీ 15 ఏళ్ళకే బడి మానేశాడు. నా వయసు. అక్షరాలు తారుమారుగా కనిపించే ఇబ్బంది ఆయనకు ఉండేది. బడిలో ఎవరికీ అది అర్థం కాలేదు. పశువులను కోసేచోట పనిచేశాడు, కార్ల హారన్లు మోగుతున్నాయో లేదో చూసే పని చేశాడు, దొంగతనం చేసి జైలుకు కూడా పోయాడు. కానీ ఆయన దగ్గర సొంత మైకు సెట్టు ఉండేది. ఫ్యాక్టరీలో పనిముట్లు చేసే వాళ్ళ నాయన అప్పు మీద దాన్ని కొనిపెట్టాడు. నాకు బ్యాండు కావాలి, సొంత మైకు ఉంది అని ఆజీ ఒక సంగీత పరికరాల అంగడిలో చీటీ అంటించాడు. ఆ చీటీ చూసే టోనీ, బిల్ వెతుక్కుంటూ వచ్చారు. తీరా చూస్తే టోనీ, ఆజీ ఒకే బడిలో చదివినవాళ్ళు. 1968లో నలుగురూ కలిశారు.

అమ్మకు ఒక అనుమానం మిగిలింది. "పేరు చూస్తే దయ్యాల పేరు మాదిరి ఉంది గదరా?" అని మామను అడిగింది. ఆ పేరు ఒక సినిమాది. వాళ్ళు సాధన చేసే చోటుకు ఎదురుగా ఉన్న టాకీసులో భయం సినిమాలు ఆడేవి. డబ్బులిచ్చి మరీ భయపడటానికి జనం వస్తున్నారే, మనం భయపెట్టే పాట ఎందుకు కట్టకూడదు అనుకున్నారు. మెడలో శిలువలు కూడా కీడు తగలకుండా వేసుకున్నవే. వాటిని అల్యూమినియంతో చేసిచ్చింది ఎవరనుకున్నారు? ఆజీ వాళ్ళ నాయనే. ఈ మాట విన్నాక అమ్మ కాస్త మెత్తబడింది.

వాళ్ళ మొదటి ఆల్బం దాదాపు ఒక్క రోజులో రికార్డు చేశారు. 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. అదే సంవత్సరం సెప్టెంబరులో రెండోది, 'పారనాయిడ్'. దాంట్లో 'ఐరన్ మ్యాన్' అనే పాట ఉంది. పేదవాళ్ళను యుద్ధానికి పంపి తాము వెనక కూర్చునే పెద్దలను నిలదీసే పాట కూడా ఉంది. ఆల్బంలో కొంచెం జాగా మిగిలిందని ఆఖరున గబగబా కట్టిన పాటే అన్నిటికన్నా పేరు తెచ్చింది.

2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా కచేరీకి మామ పోయాడట. "ఆ మెటాలికా వాళ్ళకు కూడా వీళ్ళే గురువులు. గిటారు మోత విన్న ప్రతిసారీ నాకు టోనీ వేళ్ళే గుర్తొస్తాయి" అన్నాడు.

నాయన అంతా విన్నాడు. చివర్లో ఒకే మాట అన్నాడు. "ఆయప్పకు పదిహేడేండ్లు. నాకు నలభై రెండు." లేచి బయటికి పోయాడు.

సోమవారం బడిలో ఈ కథ మా తెలుగు సార్‌కు చెప్పాను. సార్ అంతా విని "బ్యాండు బర్మింగ్‌హామ్‌లోనే ఉందా? మన దరోజిలో లేదా?" అన్నారు. దరోజి అంటే మాకు ఎలుగుబంట్ల అడవే గుర్తొస్తుంది. సార్ బుర్రకథ ఈరమ్మ గారి గురించి చెప్పారు. మన బళ్ళారి జిల్లా దరోజి ఆమెది. బుడగ జంగాల కుటుంబం. వాళ్ళ ఇంటి భాష మనలాగే తెలుగు, కథలు చెప్పింది కన్నడంలో. చదువు రాని మనిషి, అయినా కుమారరాముని కథ వంటి పెద్ద పెద్ద కథలు నోటికి వచ్చు. ఆమె చెప్పిన కథలను హంపీ కన్నడ విశ్వవిద్యాలయం పుస్తకాలుగా వేసింది, నాడోజ బిరుదు ఇచ్చింది. 2014లో చనిపోయారు.

"ఈరమ్మ పేరు అందరికీ తెలుసు. పక్కన నిలబడి డిమ్మీలు వాయిస్తూ వంత పాడినవాళ్ళు ఆమె ఇంటి ఆడవాళ్ళే. వాళ్ళు ఊపిరి అందించకపోతే రాత్రంతా కథ నడుస్తుందా?" అని అడిగారు సార్. నా దగ్గర జవాబు లేదు. మా భజనలో కూడా అంతే. ముందు పాడే పెద్దాయనకు ప్రతి నవమికీ శాలువా కప్పుతారు. పదిహేనేళ్ళు వెనక కూర్చొని శ్రుతి పట్టిన మా నాయనకు ఎప్పుడు కప్పారు? నాకే గుర్తు లేదు.

ఇప్పుడు రాయబోయేది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. తొమ్మిదో తరగతిలో తల్లిదండ్రుల సమావేశానికి నాయనను రావద్దన్నాను. అమ్మను రమ్మన్నాను. నాయనకు పని ఉంటుంది కదా అన్నాను. అసలు కారణం అది కాదు. సంతకం చేసేటప్పుడు ఆ చెయ్యి నా స్నేహితులు చూస్తారని సిగ్గు. నాయన "సరేలే" అని మాత్రం అన్నాడు. నిజం ఆయనకు తెలుసని నాకు తెలుసు. ఎక్కడో బర్మింగ్‌హామ్‌లో ఒకాయనకు వేళ్ళు లేవంటే నోరు తెరుచుకొని విన్నాను, గొప్పవాడు అన్నాను. నా ఇంట్లో అదే చెయ్యి ఉంటే దాచిపెట్టమన్నాను.

దసరా సెలవుల్లో నేనే అటక ఎక్కి హార్మోనియం దించాను. తిత్తికి ఎలుక కొరికిన చిల్లు. కౌల్ బజారులో ఒక తాతకు ఇచ్చి బాగుచేయించాము, అమ్మ డబ్బులిచ్చింది. నాయన కోప్పడతాడేమో అనుకున్నాను. ఏమీ అనలేదు. నాలుగు రోజులు దాన్ని తాకనూ లేదు. ఐదో రోజు రాత్రి నిద్రలో నాకు శ్రుతి వినిపించింది.

టోనీలాగా టోపీలు చేద్దామని నోట్లు లెక్కపెట్టేవాళ్ళు పెట్టుకునే రబ్బరు తొడుగులు తెచ్చాను. అవి పనికిరాలేదు. మెట్టు మీద అతుక్కుపోతున్నాయి, వేలు పరుగెత్తదు. నాయన నవ్వి తీసి పక్కన పెట్టాడు. "ఆయప్ప శ్రుతి దించినాడు గదా, అది చూద్దాం" అన్నాడు.

మా భజన ఎప్పుడూ రెండున్నర శ్రుతిలో. ఆ శ్రుతికి నల్ల మెట్లు ఎక్కువ పడతాయి. నల్ల మెట్లు వెనక్కి ఉంటాయి, పొట్టి వేలు అందదు. రెండున్నర నుంచి మూడు మెట్లు దిగితే ఒకటో శ్రుతి. అక్కడ చాలా పాటలకు తెల్ల మెట్లే ఎక్కువ. చిత్రమేమిటంటే టోనీ దించిందీ అంతే, మూడు మెట్లు! అక్కడక్కడ నల్ల మెట్టు వస్తే ఉంగరపు వేలు పోతుంది. పాత అలవాటు మరిచిపోవడానికి నాయనకు రెండు నెలలు పట్టింది. తప్పులు పోయినప్పుడు పెట్టె మూసేసేవాడు. మళ్ళీ తీసేవాడు.

ధనుర్మాసం మొదటి రోజు తెల్లవారుజామున నాయన రామాలయానికి పోయాడు. నేను వెంట పోయాను. ఒకటో శ్రుతి అంటే మొదట కొందరు గొణిగారు, పాట చప్పగా ఉంటుందన్నారు. రెండో పాటకు మా పక్కింటి తాత గొంతు విప్పాడు. పై స్వరాలు అందక ఆయన కొన్నేళ్ళుగా తాళాలు మాత్రమే వేస్తున్నాడు. పాట అయిపోయాక "ఇన్నేండ్లకు నా గొంతుకు అందిందప్పా" అన్నాడు. ఇప్పుడు మా భజన ఒకటో శ్రుతిలోనే. పెద్దవాళ్ళు అందరూ పాడుతున్నారు. నాయన ఇదివరకంత వేగంగా వాయించలేడు, ఆ మాట ఆయనే చెప్తాడు.

2025 జూలై 5న, చనిపోవడానికి 17 రోజుల ముందు, ఆజీ తన ఊళ్ళో, ఆస్టన్‌లోని విల్లా పార్క్ మైదానంలో ఆఖరిసారి పాడాడు. పార్కిన్సన్ జబ్బు వల్ల నిలబడలేక కుర్చీలో కూర్చొని పాడాడు. వెనక టోనీ, గీజర్, బిల్ ముగ్గురూ ఉన్నారు. నలుగురూ ఒకే వేదిక మీద కలవడం 20 ఏళ్ళ తరువాత అదే మొదలు. ఆ వీడియో నాయన, నేను కలిసి చూశాము. అందరూ ఆజీని చూస్తారు. నాయన మాత్రం టోనీ చెయ్యి కనిపించినప్పుడల్లా ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు.

జనవరిలో మా పదో తరగతి తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ముందు రోజు రాత్రి "నాయనా, నువ్వే రావాల" అన్నాను. నాయన నా ముఖం చూసి "పనికి సెలవు చెప్పాల మరి" అన్నాడు. వచ్చాడు. సార్ రిజిస్టరు ముందుకు జరిపారు. నాయన కుడిచెయ్యి లుంగీ మడతలోంచి కాదు, తెల్ల చొక్కా జేబు దగ్గరి నుంచి పెన్ను తీసి, నిదానంగా సంతకం చేశాడు. నా స్నేహితులు చూశారు. "మా నాయన. భజనలో హార్మోనియం వాయిస్తాడు" అని చెప్పాను.